తాతయ్య విల్లులో ఇల్లు “కె. వెంకటరమణ”కి రాశారు. ఇంట్లో కె. వెంకటరమణలు ఇద్దరం. ఏం చేయాలి?

చిన్నరమణ_పెరుంగుడి · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ అద్దె ఇళ్ల సంగతులూ నెల్లూరు బస్సుల సంగతులూ చదువుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఈసారి రాయక తప్పడం లేదు.

మా తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, సంక్రాంతి వెళ్లిన వారం పోయారు. అరవైల్లో నెల్లూరు నుంచి మెడ్రాసు వచ్చి, ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి, 1974లో వెస్ట్ మాంబళంలో ఇల్లు కొన్నారు. పిల్లలు ఇద్దరే, మా నాన్న, మా మేనత్త. నాయనమ్మ ఎనిమిదేళ్ల కిందటే పోయింది. పన్నెండో రోజు అయ్యాక బీరువా తీస్తే విల్లు దొరికింది. 2014లో రాసి రిజిస్టర్ చేయించారు. ఇంగ్లీషులో టైపు కొట్టిన రెండు పేజీలు. బ్యాంకులో ఉన్నది నాన్నకీ అత్తకీ చెరిసగం. ఇల్లు మాత్రం “నా మనవడు కె. వెంకటరమణ”కి.

నా పేరు కె. వెంకటరమణ. మా అత్త కొడుకు, నాకు బావ, అతని పేరూ కె. వెంకటరమణే. ఇద్దరికీ తాతయ్య వాళ్ల నాన్నగారి పేరు పెట్టారు. నేను నెల్లూరులో చదివాను కాబట్టి నా “కె” ఇంటిపేరు. బావ చదివింది ఇక్కడ చెన్నైలో. ఇక్కడి బళ్లో తండ్రి పేరే ఇనీషియల్ కదా, మామయ్య పేరు కృష్ణమోహన్, అలా అతనూ “కె” అయ్యాడు. ఇంట్లో అతను పెద్ద రమణ, నేను చిన్న రమణ. విల్లులో పెద్దా లేదు, చిన్నా లేదు. తండ్రి పేరు లేదు, పుట్టిన తేదీ లేదు.

ఇది చాలదన్నట్టు ఇంటి నంబరు 11 అని రాశారు. మా గేటు మీద పాత నెం. 11, కొత్త నెం. 24 అని ఉంటుంది. కొత్త 11 వీధి మొదట్లో ఎవరిదో ఇల్లు.

“ఇంటిపేరు నిలబెట్టేది నువ్వు, అది నీకే” అని నాన్న. “పదేళ్లు నాన్నకి మందులిచ్చింది నా కొడుకు” అని అత్త. బావ ఏమీ అనడం లేదు. అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుని ఇరవై రోజులైంది. విల్లు చెల్లుతుందా? కోర్టుకి వెళ్లాల్సిందేనా?

పెరంబూర్_ప్రభాకర్ · శనివారం రాత్రి 11:15

తమ్ముడూ, పేరు సరిగ్గా లేని విల్లు చెల్లదు. చెల్లకపోతే ఇల్లు మీ నాన్నకీ అత్తకీ సమానం. పైగా చెన్నైలో ప్రొబేట్, అంటే విల్లు నిజమైనదేనని కోర్టు ఇచ్చే కాగితం, లేనిదే విల్లు చిత్తు కాగితం. మా మామగారి విల్లుకి నేను తిరిగాను, హైకోర్టు పక్కన పారిస్ కార్నర్ దగ్గర ఏ కొట్లో టీ బాగుంటుందో ఇప్పటికీ చెప్పగలను. కోర్టు జోలికి పోకుండా సగం సగం చేసుకోండి.

టీనగర్_తులసి · ఆదివారం ఉదయం 7:05

ఇది చదువుతుంటే నాకూ టెన్షన్ మొదలైంది. మా నాన్నగారి ఎఫ్‌డీకి నామినీ నేను. విల్లులో తమ్ముడి పేరు ఉందని ఇప్పుడు తెలిసింది. నామినీ కాబట్టి డబ్బు నాదే కదండీ?

వడపళని_వకీలు · ఆదివారం ఉదయం 9:30

ప్రభాకర్ గారు మూడు మాటలు చెప్పారు. మూడింటినీ సవరించాల్సి వస్తోంది, ఏమీ అనుకోవద్దు.

పేరులో గందరగోళం ఉన్నంత మాత్రాన విల్లు పోదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో సెక్షన్ 80 కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకాయనకి మేరీ అనే పేరుతో ఇద్దరు కజిన్లు. “నా కజిన్ మేరీకి” అని డబ్బు రాసి పోయాడు. కాగితం చదివితే అంతా స్పష్టంగానే ఉంది, ఇంట్లోకి వచ్చి చూస్తే మేరీలు ఇద్దరు. అలాంటప్పుడు రాసినాయన మనసులో ఉన్నది ఏ మేరీయో కాగితం బయటి సాక్ష్యంతో రుజువు చేయొచ్చు అంటుంది చట్టం. మేరీని తీసేసి రమణని పెట్టుకోండి, అంతే.

ఆ పక్కనే సెక్షన్ 81 ఉంది, అది దీనికి సరిగ్గా వ్యతిరేకం. “నా ఇల్లు ........కి” అని పేరు చోట ఖాళీ వదిలేశారనుకోండి, లోపం కాగితం మీదే కనపడుతోంది. ఆ ఖాళీని బయటి సాక్ష్యంతో పూడ్చనివ్వరు. ఎవరికో తేలని రాత సెక్షన్ 89 కింద పోతుంది. మీ తాతగారు ఖాళీ వదల్లేదు, ఇద్దరికి సరిపోయే పేరు రాశారు. మీ కేసు బతికి ఉన్నది ఈ తేడా మీదే.

ఇంటి నంబరు గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. వర్ణనలో కొంత తప్పున్నా ఆస్తి ఏదో తెలుస్తుంటే ఆ తప్పు ముక్కని పక్కనపెట్టి మిగతాది అమలు చేస్తారు, సెక్షన్ 78. ఆ వీధిలో తాతగారికి ఉన్నది ఒక్క ఇల్లే. 1974 సేల్ డీడ్, హద్దులు, పట్టా చాలు. చెన్నైలో పాత నంబరు, కొత్త నంబరు తగువు మాకు రోజూ టిఫిన్ లాంటిది.

ఇక రెండో మాట. ఇల్లు రాసిన ఆ ఒక్క వాక్యం పడిపోయినా వెంటనే చెరిసగం కాదు. విల్లు చివర “మిగిలిందంతా ఫలానా వారికి” అని ఉందేమో చూడాలి. ఉంటే ఇల్లు అటు పోతుంది. లేకపోతేనే 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 వస్తుంది. అప్పుడు కొడుక్కీ కూతురికీ సమానం, మనవలిద్దరికీ నేరుగా గుండుసున్నా.

మూడోది ప్రొబేట్. వందేళ్లు ప్రభాకర్ గారి మాటే నిజం. మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ పాత బెంగాల్ ప్రాంతంలోనూ హిందువుల విల్లుకి సెక్షన్ 213 ప్రకారం ప్రొబేట్ లేనిదే కోర్టులో హక్కు నిలబడేది కాదు. విల్లు నెల్లూరులో రాసి ఇల్లూ అక్కడే ఉంటే అక్కర్లేకపోయేది, ఇల్లు మాంబళంలో ఉంటే కావాల్సి వచ్చేది. ఆ సెక్షన్‌నే 2025 డిసెంబరులో పార్లమెంటు తీసేసింది. ఇప్పుడు తప్పనిసరి కాదు. అంటే తీసుకోకూడదని కాదు. రేపు ఇల్లు అమ్మబోతే కొనేవాడి లాయరు అడగొచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రొబేట్ అడిగితే కోర్టు చూసేది ఈ విల్లు నిజమైనదా, సరిగ్గా రాసిందా అన్నదే. ఏ రమణకి అన్నది తేలాలంటే అది వేరే సివిల్ దావా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 కింద డిక్లరేషన్, అంటే హక్కు ఫలానా వారిదని కోర్టు ప్రకటన, అడగాలి. రెండూ ఒకేసారి అయిపోతాయని ఎవరైనా ఫీజు అడిగితే ఒకసారి ఆలోచించండి.

మీరు చెప్పాల్సినవి: విల్లులో ఎగ్జిక్యూటర్, అంటే దాన్ని అమలు చేయమని అప్పగించిన మనిషి, ఎవరైనా ఉన్నారా, సాక్షులు బతికి ఉన్నారా, మిగిలిన ఆస్తి గురించి వాక్యం ఉందా.

తులసి గారూ, నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, అంతే. సొంతదారు కాదు. షేర్ల విషయంలో కూడా సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో ఇదే చెప్పింది. బ్యాంకు మీకు ఇస్తుంది, మీరు విల్లు ప్రకారం తమ్ముడికి ఇవ్వాలి.

టీనగర్_తులసి · ఆదివారం ఉదయం 9:41

అయ్యో.

చిన్నరమణ_పెరుంగుడి · ఆదివారం మధ్యాహ్నం 1:20

వకీలు గారూ, చాలా థాంక్సండీ. ఎగ్జిక్యూటర్ ఎవరూ లేరు. మిగిలిన ఆస్తి అనే మాటే లేదు. సాక్షులు ఇద్దరు. ఒకరు ప్రెస్సులో తాతయ్య స్నేహితుడు, కోవిడ్‌లో పోయారు. రెండో ఆయన ఎదురింటి తాతగారు, 81 ఏళ్లు, తమిళాయన. జ్ఞాపకం బాగానే ఉంది కానీ మోకాళ్ల వల్ల గడప దాటలేరు.

మీరు చెప్పింది నాన్నకి వినిపించాను. “సెక్షన్ 89 కింద పోతే నాకు సగం వస్తుందిగా” అన్నారు. అంటే నా కోసం పోట్లాడతానన్న మనిషి ఇప్పుడు విల్లే పోతే బాగుండు అంటున్నారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆవడి_అన్న · ఆదివారం మధ్యాహ్నం 2:02

బ్రో, సింపుల్. ఒరిజినల్ మీ దగ్గరే ఉంది కదా. పేరు పక్కన మీ నాన్నగారి పేరు పెన్నుతో రాసెయ్. 2014 సిరా, 2026 సిరా ఎవడు చూస్తాడు.

వడపళని_వకీలు · ఆదివారం మధ్యాహ్నం 2:30

అన్నా, విల్లు ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338లో యావజ్జీవం దాకా ఉంది. ఒకవేళ తాతగారే తర్వాత దిద్దినా, ఆ దిద్దుబాటు పక్కన ఆయన సంతకం, సాక్షుల సంతకాలు లేకపోతే సెక్షన్ 71 ప్రకారం అది లెక్కలోకి రాదు. పైగా ఇది రిజిస్టర్డ్ విల్లు, దాని నకలు సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో ఉంది. దయచేసి ఇక్కడ ఇలాంటివి రాయకండి, ఎవరైనా నిజంగా చేస్తారు.

రమణగారూ, ఎగ్జిక్యూటర్ లేరు కాబట్టి మీకు ప్రొబేట్ అన్న మాటే రాదు. కావాలంటే అడగాల్సింది విల్లు జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎగ్జిక్యూటర్ లేనప్పుడు ఆస్తి వ్యవహారం చూడమని కోర్టు ఇచ్చే అధికారం. కోర్టు అదే, పిటిషన్ దాదాపు అదే. ఎవరైనా కేవియట్, అంటే నా మాట వినకుండా ఇవ్వొద్దనే కాగితం, వేసి ఎదురు తిరిగితే హైకోర్టులో ఓపీ (మామూలు పిటిషన్) కాస్తా టీఓఎస్ (విల్లు దావా) అవుతుంది, అంటే దావాలా సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, వాయిదాలు. ప్రభాకర్ గారు టీ తాగింది ఆ దారిలోనే అయి ఉంటుంది. అడగడానికి గడువు మూడేళ్లు, హక్కు వాడుకోవాల్సిన అవసరం వచ్చిన నాటి నుంచి లెక్క. మీకు తొందరేమీ లేదు, అలాగని పక్కన పడేయొద్దు.

రిజిస్టర్ అయింది కదా, సాక్షి ఎందుకు అంటారు కొందరు. విల్లుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేసినంత మాత్రాన రుజువైపోయినట్టూ కాదు. ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి, వాళ్లలో బతికున్నవారు ఒక్కరైనా వచ్చి చెప్పాలి. ఎదురింటి ఆయన మీకు బంగారం. మోకాళ్ల నొప్పులంటే కోర్టు కమిషనర్‌ని ఇంటికే పంపి సాక్ష్యం తీసుకోవచ్చు. ఆయన్ని అడగాల్సింది సంతకం గురించి ఒక్కటే కాదు. ఆ రోజు ఆఫీసులో మీ తాతగారు “మనవడు” అంటే ఎవరి గురించి మాట్లాడారో గుర్తుందేమో కనుక్కోండి. మీరొక్కరే వెళ్లి అడగొద్దు. బావని కూడా తీసుకెళ్లండి, లేకపోతే రేపు మీరు నేర్పించారంటారు.

ఓల్డ్_మెడ్రాస్ · ఆదివారం సాయంత్రం 5:10

విల్లు కాపీ కోసం ఎవరో వేరే చర్చలో అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీస్తే విల్లు కనపడదు. విల్లులు వేరే పుస్తకంలో ఎక్కిస్తారు. రాసినవాళ్లు బతికి ఉండగా వాళ్లకో వాళ్ల ఏజెంటుకో తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు. పోయాక డెత్ సర్టిఫికెట్ పట్టుకుని ఎవరు అడిగినా ఇస్తారు.

వకీలు గారూ, మా ఆవిడా నేనూ వచ్చే నెల ఒకే రోజు రాయిద్దామనుకుంటున్నాం. నాది ఆవిడకి, ఆవిడది నాకు, ఇద్దరం పోతే పిల్లలకి. ఇలాంటి గొడవలు రాకుండా ఏం చూసుకోవాలి?

వడపళని_వకీలు · ఆదివారం సాయంత్రం 6:45

ఎవరి కాగితం మీద ఎవరు సంతకం పెడుతున్నారో చూసుకోండి! నవ్వులాటకి కాదు. ఇంగ్లండులో 1999లో ఒక భార్యాభర్తలు మీలాగే జంట విల్లులు రాయించుకుని, లాయరు కాగితాలు తారుమారు చేసి ఇస్తే ఒకరి విల్లు మీద ఒకరు సంతకం పెట్టేశారు. భార్య పోయినప్పుడు ఎవరూ గమనించలేదు. భర్త పోయాక బయటపడి, అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2014 జనవరిలో తేలింది. మార్లీ వర్సెస్ రాలింగ్స్ అంటారు. అక్కడ విల్లులో గుమాస్తా తప్పు దిద్దే అధికారం కోర్టుకి 1982 చట్టంలో విడిగా ఇచ్చారు కాబట్టి దిద్దారు. మన వారసత్వ చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. మన కోర్టులు ఉన్న మాటలకి అర్థం చెబుతాయి, కొత్త మాటలు రాసిపెట్టవు. సంతకానికి ముందు ఒకసారి పైకి చదివించుకోండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

అడయారు_అమ్మమ్మ · ఆదివారం రాత్రి 8:00

నాయనా రమణా, నేను ఇక్కడ బళ్లో ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా చేశాను. అడ్మిషన్ల రోజుల్లో రిజిస్టరు నా చేతనే రాయించేవాళ్లు. మన తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఇంటిపేరు చెప్పేవాళ్లు, కాగితంలో మాత్రం తండ్రి పేరు మొదటక్షరం అని గడి ఉండేది. గడిలో ఏది పడితే అది. ఒకే ఇంట్లో అన్నకి ఇంటిపేరు అక్షరం, తమ్ముడికి తండ్రి పేరు అక్షరం పడ్డ పిల్లలు నాకు గుర్తున్నారు. ఆ పాపంలో నాకూ కొంత వాటా ఉంది.

ఒక్కటి అడుగుతాను. ఇంగ్లీషులో ఇద్దరికీ “కె” సరే. తెలుగులో మీ ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలు? మీ మామయ్య కృష్ణమోహన్ అంటున్నావు, అతని కొడుకు తెలుగులో “కృ.” అవుతాడు కదా. నువ్వు “కృ.” కావు కదా! ప్రెస్సులో పనిచేసిన మనిషి అంటున్నావు, అచ్చక్షరాలు కూర్చినవాళ్లు ఇలాంటివి పోనివ్వరు. మీ తాతయ్య చేత్తో మీ ఇద్దరి పేర్లూ ఎక్కడైనా రాశారేమో వెతుకు. పెళ్లి శుభలేఖల కవర్లు, పాత ఉత్తరాలు, పద్దుల పుస్తకాలు.

చిన్నరమణ_పెరుంగుడి · ఆదివారం రాత్రి 8:25

అమ్మమ్మగారూ! నాది “కొ.” అండీ. ఇంతసేపూ ఇంగ్లీషు “కె” దగ్గరే కొట్టుకుంటున్నాం, ఇది ఎవరికీ తట్టలేదు. తాతయ్య రోజూ ఖర్చులు రాసేవారు. పుస్తకాలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తాళం బావ దగ్గర ఉంది. శనివారం వెళ్తాను.

వడపళని_వకీలు · ఆదివారం రాత్రి 9:10

అమ్మమ్మగారికి నమస్కారం, ఇది నాకు కూడా తట్టలేదు. సెక్షన్ 80 కింద తేగలిగే సాక్ష్యం సరిగ్గా ఇలాంటిదే. ఆ రాత ఆయనదేనని, ఆయన చేతిరాత ఎరిగినవాళ్లు చెప్పగలగాలి, అంతే. పెట్టె తెరిచేటప్పుడు బావ ఎదురుగా ఉండాలి. ఫోటోలు అక్కడికక్కడే ఇద్దరూ తీసుకోండి.

పెరంబూర్_ప్రభాకర్ · సోమవారం ఉదయం 6:50

సెక్షన్ 213 సంగతి నాకు తెలియదండీ, చెప్పినందుకు థాంక్స్. మా మామగారు ఇంకో పదేళ్లు ఉండాల్సింది. ఏ రకంగా చూసినా.

చిన్నరమణ_పెరుంగుడి · శనివారం రాత్రి 11:50

వెళ్లొచ్చాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, క్షమించాలి.

ముందు ఇద్దరం ఎదురింటి తాతగారి దగ్గరికి వెళ్లాం. సంతకం తనదేనన్నారు. మా తాతయ్య తన ముందే సంతకం చేశారనీ, తిరిగొస్తూ హోటల్లో ముగ్గురూ టిఫిను తిన్నారనీ చెప్పారు. ఎవరి గురించి అంటే “పేరన్‌కి అన్నారు, ఏ పేరన్ అని నేను అడగలేదు” అన్నారు. తమిళంలో పేరన్ అంటే మన మనవడే. ఇంగ్లీషులోనూ ఒకటే మాట, తమిళంలోనూ ఒకటే, తెలుగులోనూ ఒకటే. దౌహిత్రుడు అని ఉంటే ఒక్క మాటతో పోయేది, కానీ ఇంట్లో ఎవరంటారండీ ఆ మాట, తద్దినం మంత్రాల్లో తప్ప.

తర్వాత ట్రంకు పెట్టె. ఏడాదికో పుస్తకం, అట్టమీద సంవత్సరం, లోపల నీలం సిరా. 2014 పుస్తకం బావే తీశాడు. విల్లు రిజిస్టర్ అయిన తేదీ వెతికాం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. రైటరుకి 1,200. ఆటో పోను రాను 140. టిఫిను ముగ్గురికి 165. ఇల్లు చి. కృ. వెంకటరమణకి. చి. కొ. వెంకటరమణకి కాలేజీ ఫీజు నాలుగేళ్లూ కట్టితిని గనుక సరిపోయినది.”

“క” కింద వట్రసుడి ఎంత స్పష్టంగా ఉందంటే, ఫోన్‌లో పెద్దది చేసి చూడక్కర్లేదు. అమ్మమ్మగారు చెప్పినట్టు, ప్రెస్సు మనిషి.

నా ఇంజనీరింగు ఫీజు తాతయ్య కట్టారని నాకు ఇంతవరకూ తెలియదు. నాన్న లోను తీసుకున్నారనే అనుకున్నాను.

బావ ఆ పేజీ చదివి పుస్తకం నా చేతిలో పెట్టి, కాఫీ తెస్తానని కిందికి వెళ్లాడు. కాఫీ తేవడానికి ఇరవై నిమిషాలు పట్టదు. కావాలనే వదిలేశాడని నాకు తెలుసు.

ఆవడి_అన్న · ఆదివారం ఉదయం 8:15

బ్రో, ఆ ఇరవై నిమిషాల్లో ఆ పేజీ...

చిన్నరమణ_పెరుంగుడి · ఆదివారం ఉదయం 8:40

అన్నా, మీరు అనబోయేది నాకూ వచ్చింది. లేదని అబద్ధం చెప్పను. నెలకి 28,000 అద్దె కడుతున్నాను, అంత ఇల్లు. కానీ ఆ “సరిపోయినది” అన్న మాట చూశాక చెయ్యి రాలేదు. పైగా ఫోటో అప్పటికే ఇద్దరి ఫోన్లలోనూ ఉంది, వకీలు గారి పుణ్యమా అని.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇల్లు బావదని నేను ఒప్పుకుంటున్నాను. దావా అక్కర్లేకుండా దీన్ని కాగితం మీద ఎలా పెట్టాలి? నాన్న ఇంకా బిగుసుకునే ఉన్నారు. పుస్తకం చూపిస్తే మాత్రం “ఫీజు సంగతి నీకు చెప్పొద్దని ఆయనే అన్నాడు” అని ఊరుకున్నారు.

వడపళని_వకీలు · ఆదివారం ఉదయం 11:00

దావా అక్కర్లేదు. తగువు పడగలిగిన వాళ్లు మీరు నలుగురే. మీరు, బావ, నాన్నగారు, అత్తగారు. నలుగురూ ఒక మాట మీద ఉంటే ఏ రమణ అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లదు.

దారులు రెండున్నాయి. ఒకటి, కుటుంబ ఒప్పందం. దీనికి చట్టంలో మంచి గౌరవం ఉంది. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు, ఇంట్లో నిజంగా ఉన్న తగువుని తీర్చుకోవడానికి చేసుకున్న ఒప్పందాన్ని వీలైనంత వరకు నిలబెట్టాలని చెప్పింది. ముందే నోటిమాటగా తేల్చుకుని, అలా తేల్చుకున్నామని గుర్తుకోసం రాసుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ కాగితమే హక్కు ఇస్తున్నట్టు రాస్తే రిజిస్టర్ చేయాల్సిందే. ఈ సందు దగ్గర చాలామంది జారిపడతారు. అందుకని నేనైతే మీరూ నాన్నగారూ అత్తగారూ బావ పేర రిలీజ్ డీడ్, అంటే మా హక్కు వదులుకుంటున్నామనే పత్రం, రాసి రిజిస్టర్ చేయమంటాను. అప్పుడది ఈసీలోకి ఎక్కుతుంది, విల్లులా దాక్కోదు. సొంత కుటుంబంలో కాబట్టి తమిళనాడులో స్టాంపు డ్యూటీకి గరిష్ఠ పరిమితి ఉంది, ఇంటి విలువంతటి మీద లెక్కకట్టరు. అయితే మేనమామ కొడుకు ఆ కుటుంబం లెక్కలోకి వస్తాడా అన్నది రాయించే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి.

రెండోది, బావ హైకోర్టులో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అడగడం, మీరందరూ అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇవ్వడం. ఇప్పుడు తప్పనిసరి కాకపోయినా, ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టే ఆలోచన బావకి ఉంటే ఇది చేయించుకోమనండి. పెద్ద లోను ఇచ్చే బ్యాంకులకి కోర్టు కాగితం చూస్తే ధైర్యం. ఎదురింటి ఆయన ఉండగానే చేస్తే మంచిది, ఆ మాట ఆయన దగ్గర అనకండి.

నాన్నగారు సంతకం దగ్గర మొండికేస్తే హైకోర్టు ఆవరణలోనే మీడియేషన్ సెంటర్ ఉంది, 2005 నుంచి నడుస్తోంది. అక్కడికి వెళ్లే అవసరం మీకు రాదనే నా నమ్మకం. పద్దుల పుస్తకం మాత్రం లామినేషన్ చేయించకండి. అది ఇప్పుడు సాక్ష్యం.

టీనగర్_తులసి · ఆదివారం మధ్యాహ్నం 12:30

మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశాను, ఎఫ్‌డీ డబ్బు నీదే అని. వాడు “నాకు తెలుసక్కా, నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా” అన్నాడు. వారం రోజులు ఊరికే నిద్ర పోగొట్టుకున్నాను.

చిన్నరమణ_పెరుంగుడి · బుధవారం రాత్రి 9:20

గురువారం, అంటే రేపే, నలుగురం లాయరు దగ్గరికి వెళ్తున్నాం. ముందు రిలీజ్ డీడ్. కోర్టు సంగతి బావ తర్వాత చూసుకుంటానన్నాడు. అత్త నిన్న నాన్నకి ఫోన్ చేసింది, రెండు నిమిషాలే, ఆధార్ నంబరు కోసం. నాన్న సంతకం పెడతానన్నారు. తిరిగొచ్చేటప్పుడు మాంబళంలో భోజనం మాత్రం చేయనన్నారు.

అడయారు_అమ్మమ్మ · బుధవారం రాత్రి 9:35

ముందు సంతకం పెట్టనీ నాయనా. భోజనం సంగతి మీ అత్త చూసుకుంటుంది.

వడపళని_వకీలు · బుధవారం రాత్రి 9:50

డ్రాఫ్టు చేతికిచ్చాక మొదటి పేజీ ఒకటికి రెండుసార్లు చదవండి. ఇద్దరి పేర్లూ పూర్తిగా ఉండాలి, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతో సహా. “కె.” అన్న అక్షరం ఆ కాగితంలో ఎక్కడా కనపడకూడదు.